కాలువ గట్టు మీది బడిలో కథల గంట

విజయవాడలో ఉదయం ప్యాసింజరు ఎక్కి, కృష్ణా కెనాల్, పెదవడ్లపూడి దాటి దుగ్గిరాలలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. జనవరి చివరి వారం కావడంతో పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. ఆటో కాలువ గట్టు వెంట వెళుతున్నంత సేపూ ఉడికించిన పసుపు వాసన మమ్మల్ని వదలలేదు. గట్టు పక్క ఊరిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో గ్రంథాలయ పీరియడు చూడడానికి నా ప్రయాణం. అక్కడి ఉపాధ్యాయురాలు నాకు పాతికేళ్లుగా స్నేహితురాలు.

ఈ కాలువలకూ పుస్తకాలకూ పాత చుట్టరికం ఉంది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో ఈ ప్రాంతంలో పడవ మీద గ్రంథాలయం నడిచింది. పుస్తకం దగ్గరకు రాలేని మనిషి దగ్గరకు పుస్తకమే వెళ్లాలన్న ఆ తపనను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నేను ఒకప్పుడు పనిచేసిన బడిలో పుస్తకాలన్నీ ఇనుప బీరువాలో ఉండేవి. చిరిగితే సమాధానం చెప్పుకోవాలన్న భయంతో ఏడాదికి రెండుసార్లైనా తాళం తీసేవాళ్లం కాదు. ఆ తప్పు నా మనసులో ఇంకా ముల్లులా ఉంది.

ఇక్కడ బీరువా లేదు. మూడో తరగతి గది గోడకు, పిల్లల చేతికి అందే ఎత్తులో, దండెం కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశారు. చిరిగిన అట్టలకు పిల్లలే టేపు అంటించారు.

ఆ రోజు టీచరు పుస్తకం తీయకుండానే "అనగనగా ఒక రాజు" అని మొదలుపెట్టగానే ముప్పై గొంతులు ఒక్కసారిగా "ఊ" కొట్టాయి. అది ఏడు చేపల కథ. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డమైందని, దాన్ని ఆవు మేయలేదని, ఒక్కొక్కరినీ అడుగుతూ చీమ దాకా వెళ్లేసరికి పిల్లలే ముందుగా అందుకుని "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని అరిచారు. ఆ తరువాతే ఆమె అదే కథ ఉన్న బొమ్మల పుస్తకం చేతికిచ్చారు. అట్ట మీద పేరు ఎక్కడ ఉంది, బొమ్మలు వేసినవారి పేరు ఎక్కడ ఉంది అని వెతికించారు. నీతి ఏమిటని మాత్రం అడగలేదు. కథ ముగియగానే నీతి అడిగితే పిల్లలకు అది మరో పరీక్షగా మారుతుందని నేనూ గట్టిగా నమ్ముతాను.

నా పక్కన కూర్చున్న రెండో తరగతి పాపకు అక్షరాలు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఆమె చీమ బొమ్మ మీద వేలు పెట్టి, వెంటనే కుట్టినట్టుగా వెనక్కి లాక్కుని, నా వైపు చూసి నవ్వి, మళ్లీ మెల్లగా అదే వేలు కింద ఉన్న అక్షరం మీదకు జరిపి "చీ... మ" అని పలికింది. ఆ మాట ఆమెకు ముందే తెలుసు కాబట్టే ఆ అక్షరం లొంగింది. కథ నోటి నుంచి పుస్తకంలోకి వెళ్లాలని పెద్దలు చెప్పే మాట నా కళ్లముందు జరిగింది.

మధ్యాహ్న భోజనం తరువాత కథకు కొత్త ముడి వేయమన్నారు టీచరు. ఆవు ఎందుకు మేయలేదని అడిగితే, ఒక అబ్బాయి లేచి, "గట్టంతా పసుపు ఆరబోశారు టీచర్, ఆవుకి దారేది?" అన్నాడు. ఆ ఒక్క మాటతో తరగతి కదిలింది. పసుపు ఎందుకు ఎత్తలేదు, గోనెసంచులు ఎందుకు రాలేదు అంటూ ముడి మీద ముడి వేసుకుంటూ పోయి, చివరకు మళ్లీ చీమ దగ్గరకే చేరారు. పాత క్యాలెండరు కాగితాల వెనుక రాసి, బొమ్మలు వేసి, దారంతో కుట్టి పుస్తకం చేశారు.

దాన్ని దండేనికి తగిలించే ముందు గ్రంథాలయ రిజిస్టరులో ఎక్కించాలి. వరుస సంఖ్య వేశారు, పేరు రాశారు. 'రచయిత' గడి దగ్గర టీచరు కలం ఆగింది. అందరూ తమ పేరే రాయమన్నారు. చోటు చాలదని 'మూడో తరగతి పిల్లలు' అని రాయగా, పసుపు సంగతి చెప్పిన అబ్బాయి దగ్గరకు వచ్చి, "మా నాయనమ్మను కూడా రాయండి టీచర్, కథ ఆమే చెప్పింది" అన్నాడు. టీచరు ఆ గడి పక్కనే చిన్న అక్షరాలతో ఆ మాట కూడా చేర్చారు.