బాతు నూగు స్లీపింగ్ బ్యాగ్, బెజవాడ ఎండ

బెజవాడలో ఉంటూ డౌన్, అంటే బాతు నూగు నింపిన స్లీపింగ్ బ్యాగ్ కొన్నానంటే అందరూ అడిగేది ఒకటే, ఇక్కడ దాంతో ఏం పని అని. పని ఇక్కడ కాదు. రాత్రి రైలెక్కితే తెల్లారకముందే నర్సీపట్నం రోడ్డులో దిగొచ్చు, అక్కడి నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున చలి సున్నాకి దగ్గరగా పడిపోతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా దగ్గరున్నవి మామూలు పాలిస్టర్ బ్యాగులు. వాటి మీద పెద్ద అక్షరాల్లో మైనస్ 5 అని ఉంది కదా అని ధీమాగా పడుకున్నాం. రాత్రి రెండింటికి మా ఆవిడ లేపింది, "ఏమండీ, కాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి" అని. ఇక తెల్లారేదాకా చలిమంట దగ్గరే. ఇంటికొచ్చాక లోపల కుట్టిన చిన్న చీటీ చదివాను. ఆ మైనస్ 5 ‘ఎక్స్‌ట్రీమ్’ అంకె, అంటే ప్రాణం నిలబెట్టుకోవడానికి లెక్క, నిద్రకి కాదు. ‘కంఫర్ట్’, అంటే హాయిగా నిద్రపట్టే చలి, అని ఉన్నది 11 డిగ్రీలు. ఈ అంకెల్లో కంఫర్ట్ అనేది ఆడవాళ్ళ శరీరాన్ని బట్టీ, ‘లోయర్ లిమిట్’, అంటే ముడుచుకుని ఎలాగో నిద్రపోగల హద్దు, మగవాళ్ళని బట్టీ లెక్కగడతారు. కొనేటప్పుడు మీరు ఎవరైనా సరే కంఫర్ట్ అంకె చూడండి, మిగతావి వదిలేయండి.

ఆ తర్వాతే డౌన్ కొన్నాం. డౌన్ అంటే ఈక కాదు, బాతుల పొట్ట దగ్గర ఈకల కింద ఉండే నూగు. బ్యాగు కుట్టు సందులోంచి ఒక పోగు బయటికొస్తే అరచేతిలో పెట్టుకుని చూశాను, జిల్లేడు కాయ పగిలినప్పుడు ఎగిరే దూదిలా ఉంది, మధ్యలో కాడ లేదు, నాలుగు పక్కలకీ సన్నటి పోగులు, ఊపిరి తగిలితే చాలు లేచిపోతోంది. మా అమ్మ బ్యాగుని నొక్కి చూసి "బూరుగు దూది దిండులా ఉందిరా" అంది. తేడా ఏంటంటే బూరుగు దూది నలిగితే ఉండ కడుతుంది, ఇది వదిలేయగానే మళ్ళీ పొంగుతుంది. ఆ పొంగులో చిక్కుకున్న గాలే మన ఒంటి వేడిని పోనివ్వదు, బ్యాగు తనంతట తాను వేడి పుట్టించదు. మాది 650 ఫిల్ పవర్, అంటే 28 గ్రాముల నూగు పొంగితే పదిన్నర లీటర్లకు పైనే, మనింట్లో వాటర్ టిన్నులో సగం! అందుకే కిలో బరువుతోనే అంత వెచ్చదనం. బతికున్న బాతుల నుంచి పీకకూడదని నియమం పెట్టే ఆర్‌డీఎస్ ముద్ర ఉన్నదే తీసుకున్నాం, అది నాకు ముఖ్యం.

నాకు బాగా నచ్చింది జిప్పు. కాళ్ళ దాకా పూర్తిగా తెరుచుకుంటుంది కాబట్టి మారేడుమిల్లిలో నవంబరు రాత్రి రజాయిలా పరిచి ఇద్దరం కప్పుకున్నాం. లంబసింగిలో మాత్రం ఎవరి బ్యాగులో వాళ్ళం మెడదాకా జిప్పు లాగి, తలకి హుడ్ బిగించి, ముక్కూ నోరూ బయట పెట్టుకుని పడుకున్నాం. ఊపిరి లోపలికి వదిలితే ఆ తడికి నూగు అణిగిపోతుంది. ఇంకోటి, మన ఒంటి కింద పడ్డ నూగు నలిగిపోయి ఏమీ ఆపదు, కాబట్టి కింద మంచి మ్యాట్ లేకపోతే ఎంత ఖరీదైన బ్యాగైనా నేల చలి వీపుకి తగులుతుంది. పడుకునే ముందు స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. ఆ రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు.

అసలు కష్టమంతా బెజవాడలో దాచడమే. వానాకాలం చెమ్మకి, సంచిలో కుక్కి ఉంచితే పొంగే గుణం పోతుంది, ముక్కిపోయిన వాసన కూడా వస్తుంది. చిన్న సంచి దారిలో మోయడానికే. ఇంట్లో పాత నూలు దిండు గలీబులు రెండు కలిపి కుట్టి, అందులో వదులుగా వేసి బీరువా పైన పెట్టాను. ఉతకడం ఏడాదికోసారే, టబ్బులో డౌన్ కోసం అమ్మే సబ్బుతో, పిండకుండా నొక్కి నీళ్ళు తీసేయాలి. తడిసిన బ్యాగుని ఒక కొసన పట్టుకుని ఎత్తొద్దు, లోపలి అరలు చిరిగిపోతాయి.

ఆరబెట్టడానికి మాత్రం మన ఊరిని మించింది లేదు. రోహిణి కార్తెలో మేడ మీద రేకుల నీడన మంచం వేసి దాని మీద పరిచాను, నైలాన్ గుడ్డ పాడవుతుందని నేరుగా ఎండలో వేయలేదు. మొదటిరోజు సాయంత్రానికి పైన ఆరినట్టే ఉంది కానీ లోపల వేళ్ళకి నిమ్మకాయంత ఉండలు తగిలాయి, వాటిని ఒక్కొక్కటే నలుపుతూ విడదీశాను. మూడో రోజు మధ్యాహ్నానికి మంచం మీద జానెడు ఎత్తు పొంగి కూర్చుంది.