అడిగేవారు లేని స్నూపింగ్

నిఘా కెమెరాల కోసం విడిగా కట్టిన ఒక వీలాన్‌లో (ఒకే పరికరాల మీద వేరుచేసి నడిపే నెట్‌వర్క్‌లో) వీడియో మొదలైన నాలుగు నిమిషాల పైచిలుకుకు ఆగిపోతోందనీ, ప్లేయర్‌ను మూసి తెరిస్తే మళ్లీ వస్తోందనీ తెలిసినప్పుడు నేను కేబుళ్లను, కెమెరాలను, చివరకు వాటన్నిటినీ కలిపే స్విచ్ ఫర్మ్‌వేర్‌ను కూడా అనుమానించాను. గడియారం పెట్టి కొలిచాక గానీ సంగతి బోధపడలేదు. ప్రతిసారీ అది 260 సెకన్ల దగ్గరే ఆగుతోంది.

ఆ అంకె ఐజీఎంపీ (యంత్రాలు మల్టీకాస్ట్ గ్రూపుల్లో చేరడానికి వాడే ప్రోటోకాల్) రెండో వెర్షన్‌ది. మల్టీకాస్ట్ అంటే ఒకసారి పంపినదాన్ని గ్రూపులో చేరినవారందరికీ అందించడం; మా వీడియో వచ్చేది అలాగే. మల్టీకాస్ట్ అడ్రస్ ఏ ఫ్రేములోనూ (స్విచ్ గుండా వెళ్లే డేటా మూటలోనూ) పంపినవారి అడ్రస్‌గా రాదు కనుక, అది ఏ పోర్టుకు కావాలో స్విచ్ తన మామూలు పద్ధతిలో నేర్చుకోలేక అన్ని పోర్టులకూ పంపేస్తుంది. ఈ వృథాను తప్పించడానికే స్నూపింగ్ వచ్చింది: హోస్టులు (నెట్‌వర్క్‌కు తగిలించిన యంత్రాలు) రౌటర్‌కు పంపుకునే సభ్యత్వ రిపోర్టులను స్విచ్ మధ్యలో విని, అడిగిన పోర్టులకే ఆ గ్రూపును పంపుతుంది. అయితే హోస్టు గ్రూపులో చేరేటప్పుడు తనంతట తాను చెప్పి, ఆపైన ఎవరైనా అడిగితేనే మళ్లీ చెబుతుంది. అలా అడిగేది క్వెరియర్. అది 125 సెకన్లకు ఒకసారి ప్రశ్నిస్తుంది, జవాబుకు 10 సెకన్ల గడువు ఇస్తుంది. రెండు విడతల ప్రశ్నలకు పట్టే కాలానికి ఆ గడువు కలిపితే 260 సెకన్లు. అప్పటికీ రిపోర్టు రాకపోతే స్విచ్ ఆ పోర్టును జాబితాలోంచి తీసేస్తుంది. మా వీలాన్‌లో రౌటరే లేదు, కాబట్టి అడిగేవారూ లేరు.

క్వెరియర్ లేకుండా స్నూపింగ్‌ను ఆన్ చేయడం కంటే దాన్ని ఆపి ఉంచడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వరదలా పారే ట్రాఫిక్ కంటికి కనబడుతుంది గానీ నాలుగు నిమిషాల తర్వాత వచ్చే మౌనం కారణం చెప్పదు. పరిష్కారం మాత్రం చిన్నదే: ఆ వీలాన్‌లో ఒక స్విచ్‌కు ఐపీ అడ్రస్ ఇచ్చి క్వెరియర్‌గా పెట్టాలి. రెండు స్విచ్‌లను పెట్టినా ఇబ్బంది లేదు, తక్కువ ఐపీ అడ్రస్ ఉన్నదే ఎన్నికలో గెలుస్తుంది.

గ్రూపు అడ్రస్‌ల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ఐపీ అడ్రస్‌లో చివరి 23 బిట్లే మ్యాక్ అడ్రస్‌లోకి (ఫ్రేముపై స్విచ్ చూసే అడ్రస్‌లోకి) వెళ్తాయి కనుక 32 గ్రూపులకు ఒకే మ్యాక్ వస్తుంది. 224.0.0.251కు వచ్చే మ్యాకే 239.0.0.251కీ వస్తుంది, మొదటిదాన్ని అన్ని పోర్టులకూ పంపాల్సిందే, కనుక మ్యాక్ చూసి మాత్రమే పంపే స్విచ్‌లో రెండోదీ వరదలాగే పారుతుంది.

ఐపీ కొత్త వెర్షనైన ఐపీవీ6లో ఐజీఎంపీ చేసే పనిని ఎంఎల్‌డీ అనే ప్రోటోకాల్ చేస్తుంది, కానీ అక్కడ లోపం మరింత లోతుగా తగులుతుంది: పక్క యంత్రం మ్యాక్ అడ్రస్‌ను కనుక్కునే ప్రశ్న కూడా మల్టీకాస్ట్‌గానే వెళ్తుంది కాబట్టి, క్వెరియర్ లేనిచోట వీడియోతో పాటు మామూలు కనెక్షన్లు కూడా తెగిపోవచ్చు.