తిరగేసిన ‘భూమి’
లైనోకట్ అంటే లైనో (లినోలియం) పలకను ఉలితోని చెక్కి, ఇంకు పూసి కాయితం మీద అచ్చేసుడు. ఆ పోస్టర్‌ల బొమ్మ కన్నా తెలుగు అక్షరమే ఎక్కువ ఏడిపిస్తది. ‘భూమి’ అని తిరగేసి చెక్కాలె. ట్రేసింగ్ పేపర్ మీద రాసి, పలక మీద బోర్లించి రుద్దితే సరి. సున్నా నడిమి ఖాళీ 2 మిల్లీమీటర్లన్నా లేకుంటే ఇంకు నిండి ముద్దయితది.

వరంగల్ ఎండకు ఇంకు పలచబడతది. రోలర్ సన్నగ చిటచిటమనాలె. పచపచమంటే ఎక్కువైనట్టే, పాత పేపర్ మీద దొర్లించి తగ్గించాలె. చలికి లైనో పెళుసైతే కాసేపు ఎండల పెట్టుర్రి. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలి ఎనుకనే!

అచ్చు ప్రెస్ లేకపోతే పలక మీద కాయితం పరిచి, స్టీలు గంటె ఈపుతోని నడిమి నుంచి అంచులకు రుద్దుడే. 1943 బెంగాల్ కరువును గీసిన చిత్తప్రసాద్ లైనోను ఎందుకు పట్టుకున్నడో ఇక్కడ సమజైతది: ఒక్క పలకకు వంద కాపీలు, కరెంటుతోని పనే లేదు.

తడి కాపీలు దొంతి పెట్టకుర్రి. నూనె ఇంకు, రెండు రోజులు దండెం మీదనే ఉండాలె.