వెనకాల నిలబడ్డోడి కోసం లైటు

ఇవాళ ఎక్కడికీ లోడు లేదు. పొద్దున్నుంచీ ముసురు సన్నగా పడుతూనే ఉంది, చెరువులో రొయ్యల పట్టుబడి ఎల్లుండికి జరిపారు, సైజు ఇంకా రావాలంట. బండి ఖాళీగా ఉన్నప్పుడే పని చేయించేద్దాం అని పికప్‌కి ఎక్స్‌ట్రా రివర్స్ లైట్లు బిగించే పని పెట్టుకున్నా, పొద్దున టిఫిన్ అవగానే తమ్ముణ్ణి ఎక్కించుకుని భీమవరం బయలుదేరాం.

మా చెరువులు ఉప్పుటేరు వైపు. మెయిన్ రోడ్డు దిగి పుంత, అంటే మట్టిబాట ఎక్కి, పుంత అయ్యాక చెరువు గట్టు ఎక్కాలి, గట్టు మీద బండి తిప్పుకునే చోటు ఉండదు, లోడుతో వెనక్కి రావడం కష్టం కాబట్టి ఖాళీ బండినే రివర్స్‌లో లోపలికి తీసుకెళ్ళి నింపుకుని తిన్నగా ముందుకి వచ్చేస్తాం. ఒక పక్కన చెరువు, ఇంకో పక్కన బోదె (చిన్న కాలవ), మధ్యలో బండికి అటూ ఇటూ మిగిలేది జానెడో మూరెడో. పైగా ఇదంతా రాత్రి రెండు మూడింటికి, ఎండెక్కేలోపు రొయ్య ఐసులో పడిపోవాలి కదా. అసలు మన డెల్టాలో గట్లు ఏవీ బండ్ల కోసం వేసినవి కావు, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో అయ్యాక కాలవల్లో పడవలు తిరిగేవి, గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవని లాగుతూ నడిచేవాళ్ళు, లాకుల దగ్గర ఆగేవాళ్ళు. చెరువు గట్లయితే మరీ, నీళ్ళు ఆపడానికి పోసిన మట్టి. దాని మీద మనం టన్ను పైన బరువేసుకుని వెళ్తున్నాం, అదీ వానాకాలం నల్లమట్టిలో.

బండితో వచ్చిన రివర్స్ లైటు 21 వాట్ల బల్బు. కొత్తలో అయినా 460 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇస్తుంది, టౌన్‌లో గోడ పక్కన పార్కింగ్‌కి చాలు. చెరువు మీద అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. దానికి తోడు ట్రేల్లోంచి కారే ఉప్పునీళ్ళు ఫ్లోరు సందుల్లోంచి దిగి తిన్నగా ఆ హోల్డర్ మీదే పడతాయి, లోపల పచ్చగా చిలుం పట్టేసి బల్బు వెలిగితే వెలుగుద్ది లేకపోతే లేదు. రొయ్యలు వేసే బండ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇదే గోల.

వెనకాల నిలబడేది మా తమ్ముడు. నేను స్టీరింగ్ మీద ఉంటే వాడు దిగి టార్చి పట్టుకుని గట్టు మీద వెనక్కి వెనక్కి నడుస్తూ రానీ రానీ రైట్ కొట్టు హోల్డాన్ అంటాడు. పక్క చెరువుల్లో నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే ఆ హోరులో వాడి గొంతు సగం నాకు చేరదు. లోపల ఖాళీ ట్రేలు పేర్చి ఉంటాయి కాబట్టి వెనక అద్దంలోంచి ఏమీ కనపడదు, నాకున్నవి రెండు పక్కల అద్దాలు, వాటిలో వాడి చెయ్యి కనిపిస్తే వెళ్తా కనపడకపోతే ఆగుతా. అంటే నాకు కావలసిన లైటు గట్టునే కాదు, వాణ్ణి కూడా చూపించాలి. ఇంకా ముఖ్యంగా వాడి కాళ్ళ కింద ఏముందో వాడికి చూపించాలి. ఇది మనసులో గట్టిగా పెట్టుకునే షాపుకి వెళ్ళా.

షాపులో కుర్రోడు ముందు తీసింది ఒక పెద్ద బార్ లైటు. అన్నా ఇది వేస్తే అర కిలోమీటరు కొడుద్ది అన్నాడు. అర కిలోమీటరు నాకెందుకు తమ్ముడూ, నాకు కావలసింది వెనకాల ఇరవై అడుగులు అన్నా. వాడికి నచ్చలేదు కానీ మంచోడే, ఉన్నవన్నీ తీసి కౌంటర్ మీద పరిచాడు. స్పాట్ అని కొన్ని ఉన్నాయి, వెలుతురు సన్నగా దూరం పోతుంది, అవి పక్కన పెట్టేశా. ఫ్లడ్ అంటే దగ్గర్లోనే వెడల్పుగా పరుచుకునేది, అదే మన పనికి పనికొచ్చేది. అందులోనూ అద్దం నున్నగా ఉన్నవాటికంటే గీతలు గీతలుగా గరుకుగా ఉన్నవి మేలు, ఎల్‌ఈడీ చుక్కలు చుక్కలుగా కంట్లో గుచ్చుకోవు.

పెట్టెల మీద వాట్లు మాత్రం నమ్మకూడదు. 72 వాట్లు అని రాసి ఉన్నదాన్ని షాపు బ్యాటరీకి కలిపి మధ్యలో మల్టీమీటరు పెట్టి చూస్తే ఒకటిన్నర ఆంపియర్ లాగింది, పన్నెండున్నర వోల్టులకి లెక్కేస్తే 19 వాట్ల లోపే. ఆ 72 ఎక్కడిదంటే లోపలున్న ఒక్కో ఎల్‌ఈడీ చిప్పు గరిష్ఠంగా ఎంత తట్టుకోగలదో అన్నీ కూడి వేసేస్తారు. అలాగని లైటు చెడ్డదేం కాదు, 18 వాట్ల లైట్లు రెండుంటే మన గట్టుకి చాలు, కానీ 72 అనుకుని దానికి తగ్గ డబ్బులు ఇవ్వకూడదు, అంతే. మీటరు తీసుకెళ్ళండి ఎవరైనా కొనేటప్పుడు, షాపువాళ్ళు ఏమీ అనుకోరు.

షాపు కుర్రోడు, పసుపు లైటు తీసుకో అన్నా, మంచులో బాగుంటది అన్నాడు. నిజమే, ధనుర్మాసంలో చెరువుల మీంచి మంచు లేస్తే తెల్ల లైటు ఎదురుకొట్టినట్టు ఉంటుంది. కానీ రివర్స్ లైటు తెల్లగానే ఉండాలి, వెనకొచ్చేవాడు తెల్ల లైటు చూస్తేనే ఈ బండి వెనక్కి వస్తుంది అని అర్థం చేసుకుంటాడు, ఎర్రది ఆగడం, పసుపుది తిరగడం, ఈ భాష రోడ్డు మీద అందరికీ ఒకటే ఉండాలి. తెల్లదే తీసుకున్నా, మరీ నీలం కొట్టేది కాకుండా. ఐపీ 67 రాసి ఉన్నది, అంటే దుమ్ము దూరదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా లోపలికి తడి వెళ్ళకూడదు అని.

అక్కణ్ణుంచి వైరింగ్ మేస్త్రి దగ్గరికి. మేస్త్రి గారు మా నాన్న దగ్గర నుంచి మాకు తెలిసినాయన, మెటడోర్ల కాలం నుంచి ఈ పనే. ఆయన చూడగానే, వీటిని కేబిన్ వెనక గార్డు మీద పైన కొట్టేద్దాం బాబూ, బురద పడదు, ఉప్పునీరు తగలదు, పదేళ్ళు ఉంటాయి అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ పైనుంచి కొడితే ముందు ట్రేలకి తగిలి నీడ వెనక్కి పడుతుంది, రెండోది, పైనుంచి పడే వెలుతురులో నేలంతా చదునుగా కనపడుద్ది, గాడి ఏదో గుంట ఏదో తెలీదు. అదే కింద నుంచి, నేలకి దగ్గరగా వాలుగా పడిందనుకోండి, ప్రతి గాడికీ నీడ వస్తుంది, గట్టు అంచు తెగిన చోట చీకటి గీత కనపడుద్ది, తమ్ముడు కాలు వేసేముందే చూస్తాడు. మూడోది, పైనుంచి కొట్టే లైటు తిన్నగా వాడి మొహాన పడుద్ది. వాడప్పటికే చీకట్లో నిలబడి ఉన్నాడు, కన్ను చీకటికి బాగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి లైటు కళ్ళలో పడితే అదంతా పోయినట్టే, నేను లైటు ఆర్పేశాక వాడు గుడ్డోడిలా తడుముకోవాలి, పక్కనేమో ఆరడుగుల నీళ్ళు.

నిజానికి పై దేశాల్లో వాడే ఐక్యరాజ్యసమితి రూల్ 48లో కూడా రివర్స్ లైటు నేల నుంచి 250 మిల్లీమీటర్ల కంటే కిందకి, 1200 కంటే పైకి ఉండకూడదు అనే ఉంది. ఇది మేస్త్రి గారికి చెబితే, సరే బాబూ, బండి మీది, గట్టు మీది, చెప్పినట్టే కొడదాం అన్నారు నవ్వుతూ.

వెనక డోరు దించితే కిందకి వేలాడి టెయిల్ లైట్లని సగం మూసేస్తుంది, కొత్త లైట్లు దాని వెనక పడకూడదు. కొలిచి కొలిచి చివరికి చాసిస్ చివర అడ్డ బద్దీ మీద, నంబర్ ప్లేటుకి అటొకటి ఇటొకటి, టైర్ల లైనుకి లోపలికి పెట్టాం, అక్కడైతే టైరు చిమ్మే బురద తిన్నగా పడదు. చాసిస్‌కి కొత్త కన్నాలు పెట్టనివ్వలేదు, బద్దీకి కంపెనీ ఇచ్చిన కన్నాలు ఉన్నాయి, వాటికే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీని ఎల్ ఆకారంలో వంచి బిగించాం. లైటు బాడీ అల్యూమినియం, పట్టీ స్టీలు, రెండూ ఉప్పుతడిలో తిన్నగా ఆనుకుంటే అల్యూమినియం తెల్లగా పొడి రాలి తినేస్తుంది, అందుకని మధ్యలో పాత ట్యూబు కోసి రబ్బరు వాషర్లు వేశాం. ఊగుడుకి ఊడకుండా నైలాక్ నట్లు, లోపల నైలాన్ రింగు ఉండేవి.

లైట్లని తిన్నగా వెనక్కి తిప్పలేదు. ఎడమదాన్ని కొంచెం ఎడమకి, కుడిదాన్ని కొంచెం కుడికి, రెండింటినీ కిందకి వంచాం. నేను చూసేది పక్క అద్దాల్లోంచి కాబట్టి నాకు వెలుతురు కావలసింది వెనక చక్రం వెళ్ళబోయే చోట, గట్టు అంచు దగ్గర. మధ్యలో ఎలాగూ రెండూ కలుస్తాయి. ఈ ఒక్క సంగతికే సగం మధ్యాహ్నం పట్టింది, తమ్ముడు వెనకాల నిలబడి నడుం దాకా వస్తుంది, గుండెల దాకా వస్తుంది, ఇంకా దించండి అంటుంటే మేస్త్రి గారు విసుక్కోకుండా నట్టు వదులు చేసి మళ్ళీ బిగించారు. చివరికి వెలుతురు వాడి నడుం దాకా ఆగింది. చెయ్యి కనపడుద్ది, కళ్ళలో పడదు.

వైరింగ్ అంతా రిలే మీదే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి. కొంతమంది రివర్స్ బల్బు వైరుకే లైట్లు కలిపేస్తారు, వెలుగుతాయి, కాదనను, కానీ గేర్‌బాక్స్ దగ్గర ఉండే రివర్స్ స్విచ్చి ఆ చిన్న బల్బులకి సరిపడా చేసింది, దాని మీద ఇంకో మూడు ఆంపియర్లు వేస్తే పాయింట్లు మాడతాయి, అది పోతే కింద పడుకుని విప్పాలి. రిలే అయితే ఆ వైరు నుంచి లాగేది 0.15 ఆంపియర్ల చుట్టుపక్కలే, లైట్ల కరెంటు బ్యాటరీ నుంచి వేరే దారిలో వస్తుంది. రిలే పిన్నులకి నంబర్లుంటాయి, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, 87 నుంచి లైట్లకి, 86కి రివర్స్ వైరు, 85కి ఎర్త్. మధ్యలో 87ఏ అని ఇంకో పిన్ను ఉంటే దాన్ని వదిలేయాలి, అది రిలే పడనప్పుడు కరెంటు ఇచ్చే పిన్ను. ఫ్యూజు ఏడున్నర ఆంపియర్లది, బ్యాటరీకి జానెడు దూరంలోనే. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని చాసిస్‌కి తగిలిందంటే ఆపేదేమీ ఉండదు. వైరు 1.5 ఎస్‌క్యూ ఎంఎం రాగిది, ఫ్లెక్సిబుల్ పైపులో వేసి సైలెన్సర్ వైపు కాకుండా రెండో పక్కన, కమాన్ కట్టలకి తగలకుండా ట్యాగులు వేసి తెచ్చారు. ఎర్త్ కూడా వెనక చాసిస్‌కి కొట్టకుండా వేరే వైరు ముందు దాకా లాగమన్నా, వెనక తుప్పు పట్టే చోట ఎర్త్ పెడితే ఏడాది తిరక్కుండానే లైటు మినుకుమినుకు అంటుంది. జాయింట్లు సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ వేసి, లగ్గులకి వాజిలైన్ రాశాం. రిలేని పిన్నులు కిందకి ఉండేలా పెట్టారు మేస్త్రి గారు, నీళ్ళు చేరినా జారిపోతాయి.

ఇంతలో బాబాయ్ వచ్చాడు, ఆయనకి దీంట్లో వేరే ఆలోచన ఉంది. ఒరే, డాష్‌బోర్డులో ఒక స్విచ్చి పెట్టించరా, లోడు చేసేటప్పుడు వేసుకుంటాం, కుర్రోళ్ళకి వెలుతురు ఉంటది అన్నాడు. మంచి మాటే, చాలామంది పెట్టించుకుంటారు. నేను ఒప్పుకోలేదు. లోడు అయ్యి బయలుదేరే హడావుడిలో ఎవడో ఒకడు ఆర్పడం మర్చిపోతాడు బాబాయ్, తెల్లారగట్ట మనం కాలవ రోడ్డు మీద పోతుంటే వెనకాల పాలక్యాన్లు కట్టుకుని బండి మీద వచ్చేవాడికి కళ్ళు మూసుకుపోతాయి, పక్కన రెయిలింగ్ కూడా ఉండదు, వాడు ఎక్కడికి పోతాడు చెప్పు అన్నా. ముందుకి వెళ్ళే బండి వెనక్కి తెల్ల లైటు వేయకూడదు అనేది రూలే, కానీ రూలు కోసం కాదు, ఆ పాలాయన కోసం నాకు స్విచ్చి వద్దు. లోడింగ్‌కి కుర్రోళ్ళు తలకి కట్టుకునే లైట్లు ఉండనే ఉన్నాయి, ఇంకా కావాలంటే చెరువు దగ్గర మా మకాం పాకలో బల్బు ఉంది. బాబాయ్ కాసేపు ఊరుకుని, అదీ నిజమేలే, ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేస్తే వెలుగుతుందిగా, అలా వాడుకుందాం అన్నాడు. దానికి సరే అన్నా, చక్రాల కింద కర్ర పెట్టాలి అని షరతు పెట్టి.

రాత్రి భోజనాలయ్యాక వాన తెరిపిచ్చింది, బండి తీసుకుని మన చెరువు గట్టు మీదకే వెళ్ళి చూశాం. తమ్ముడు మామూలుగానే వెనక నడిచాడు. గట్టు మీద ట్రాక్టరు గాడి, నిన్న గండి పూడ్చిన చోట కొత్తమట్టి, గడ్డిలో ఎవరో వదిలేసిన పైపు ముక్క, అన్నీ అద్దంలో విడివిడిగా తెలిశాయి. నీళ్ళ గుంటల దగ్గర మాత్రం వెలుతురు తిరిగి కొడుతోంది, అది ఏ లైటుకైనా తప్పదు. ఎలా ఉందిరా అంటే, అన్నయ్యా టార్చి జేబులో పెట్టుకున్నా అన్నాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే చెట్టు కొమ్మో స్తంభమో పట్టుకోవచ్చు, జారినప్పుడు అదే మనిషిని కాపాడేది. పొద్దున్నుంచీ ఏ వాట్ల గురించి మాట్లాడుకున్నా నేను అడిగింది ఇదే.

ఒక పని మిగిలింది. ఎడమ లైటు మీద అప్పుడే బురద చుక్కలు పడ్డాయి, కుడిదానికి పడలేదు, మడ్‌ఫ్లాప్ ఎడమ పక్కన రెండంగుళాలు పొట్టిగా ఉంది. రేపు టైర్ల షాపులో పొడుగు రబ్బరు తెచ్చి మార్చాలి. బావ కూడా తన బండికి వేయించమని ఫోన్ చేశాడు, ఆయనది వెనక బాడీ పొడుగు ఎక్కువ, అడ్డ బద్దీ బాగా లోపలికి ఉంటుంది, ఆ పట్టీ కొలతలు వేరే తీసుకోవాలి.