మేడ ఆరంతస్తులు, కాపురం బేస్‌మెంట్‌లో

అక్టోబరులో అమ్మని తీసుకుని డల్లాస్ నుంచి మిసిసిపీలోని నాచెజ్‌కి బయల్దేరాను. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు. నయాగరా, న్యూయార్క్ చూసేసింది, ఇంక ఎక్కడికీ రానంది. 'పత్తి చేలు చూద్దువుగాని' అన్నాక కారెక్కింది.

లూసియానాలో టలూలా దగ్గర హైవే దిగి దక్షిణానికి తిరిగితే రెండు పక్కలా పత్తే. తీత అయిపోయిన చేలల్లో పసుపు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి మోపులు, మనిషిని మించిన ఎత్తు. అమ్మ అద్దం దించి చాలాసేపు చూసింది.

"ఏరా, ఇంత చేలో మనిషే లేడేంటి?"

దూరంగా ఒకటే మిషన్ తిరుగుతోంది. మా ఊళ్లో తీతకి కూలీలు దొరక్క ఆవిడ పడే టెన్షన్ నాకు తెలుసు. ఒకప్పుడు ఇక్కడంతా మనుషులే ఉండేవాళ్లని, వాళ్లకి కూలి లేదని, వాళ్లనే సంతలో కొనేవాళ్లని చెప్పాను. 1860 నాటికి దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలు దాదాపు 40 లక్షలు. అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా ఒక్క పత్తిదే.

దారిలో 'వాటర్‌ప్రూఫ్' అనే ఊరొచ్చింది. నిజంగానే ఊరి పేరది. నది పక్కనే ఉంది పాపం.

నాచెజ్‌లో ముందు లాంగ్‌వుడ్ చూశాం. హాలర్ నట్ అనే పత్తి ఆసామి 1860లో మొదలుపెట్టిన మేడ. ఎనిమిది పలకలు, ఆరంతస్తులు, నెత్తిన ఉల్లిపాయ ఆకారంలో గుమ్మటం. ప్లాను గీసిన శామ్యూల్ స్లోన్‌ది ఫిలడెల్ఫియా. పనితనం తెలిసిన మేస్త్రీలు, వడ్రంగులు కూడా అక్కణ్నుంచే వచ్చారు. 1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలవగానే పని ఎక్కడిదక్కడ ఆపేసి ఇళ్లకి వెళ్లిపోయారు. 32 గదులు అనుకుంటే తయారైనవి 9, అన్నీ బేస్‌మెంట్‌లోవే. నట్ కుటుంబం అందులోనే కాపురం పెట్టింది. దక్షిణాది దేశం నుంచి విడిపోవడం వద్దన్న మనిషే ఆయన. అయినా పత్తి తగలబడింది, ఆస్తి కరిగిపోయింది. 1864లో న్యుమోనియాతో పోయాడు.

కింద సోఫాలు, నూనె చిత్రాలు. మెట్లెక్కి పైకెళ్తే గిలాబా లేని ఇటుక గోడలు, తలుపుల్లేని గుమ్మాలు, నిలువునా గుమ్మటం దాకా బోసి దూలాలు. ఆనాటి పనిముట్లు, రంగు డబ్బాలు ఓ పక్కన అలాగే పడున్నాయి. ఇటుకలు ఇక్కడే బానిసల చేత చేయించారట. అమ్మ గోడ మీద చెయ్యి వేసి, "ఇటుక బాగా కాలింది" అంది.

ఆ యుద్ధం గురించి చదివినప్పుడు అంకెలు చూశాను: ఫ్యాక్టరీ ఉత్పత్తిలో పదింట తొమ్మిది వంతులు ఉత్తరాదివి, రైలు పట్టాలు అక్కడ దాదాపు 22,000 మైళ్లు, ఇక్కడ 9,000. చదివి మర్చిపోయాను. ఈ మేడ చూశాక మర్చిపోలేను. డబ్బుకి కొదవలేని మనిషి, కానీ చేయి తిరిగిన వడ్రంగి ఉత్తరాది నుంచి రావాలి. దక్షిణాది మొత్తం అంతే. డబ్బంతా నేల మీద, బానిసల మీద పెట్టారు. యుద్ధంలో ఓడరేవులు మూసేసరికి ఉప్పు దొరకలేదు, నోటుకి విలువ పోయింది. 1863 ఏప్రిల్‌లో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో ఆడవాళ్లు రొట్టె కోసం దుకాణాలు పగలగొట్టారు.

అలాగని ఉత్తరాదిని మెచ్చుకోవడానికీ మనసొప్పదు. ఒకసారి ఆఫీసు పని మీద బోస్టన్ వెళ్లి పక్కనే లోవెల్‌లో మిల్లు మ్యూజియం చూశాను. చెవుల్లో దూది కుక్కుకున్నా మగ్గాల మోతకి కాళ్ల కింద చెక్కలు అదిరాయి. ఇక్కడి పత్తి అక్కడికెళ్లేది. బానిసల ఒంటికని నేసిన ముతక బట్ట తిరిగి ఇటొచ్చేది. యుద్ధం రాగానే చాలామంది మిల్లు యజమానులు నిల్వ పత్తిని మంచి రేటుకి అమ్ముకుని వేలమంది పనివాళ్లని బయటికి పంపేశారు.

ఆ రేట్ల పెరుగుదల మన దాకా వచ్చింది. పత్తి ఆపేస్తే మిల్లులు ఆగి ఇంగ్లండు కాళ్లబేరానికి వస్తుందని దక్షిణాది లెక్క. ఇంగ్లండులో నిల్వలున్నాయి, తర్వాత ఈజిప్టు నుంచి, మన దేశం నుంచి తెప్పించుకున్నారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పత్తి కాకినాడ రేవు మీదుగా పోయేది గనక దానికి 'కోకనాడ' అనే పేరుండేది. 1865లో యుద్ధం అయిపోయాక ధరలు కూలాయి, బొంబాయిలో ఎందరో మునిగారు.

సాయంత్రం బానిసల సంత జరిగిన ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ దగ్గర ఆగాం. రోడ్లు కలిసేచోట కాస్త గడ్డి, కొన్ని బోర్డులు, సిమెంటులో పాతిన సంకెళ్లు. పక్కనుంచి కార్లు పోతున్నాయి. విడుదలయ్యాక ఈ మనుషులంతా ఏమయ్యారని అమ్మ అడిగింది. చాలామంది అవే చేలల్లో సగం పాలుకి చేశారన్నాను. విత్తనం, తిండి సరుకు కొట్లో అప్పు. పంట రాకముందే కొట్టువాడికి తాకట్టు, లెక్క పుస్తకం వాడి దగ్గరే.

"మన ఎరువుల కొట్టులాగే" అంది.

తిరిగొచ్చేప్పుడు మిషన్ వదిలేసిన పత్తి రోడ్డు పక్క గడ్డికి అంటుకుని కనిపిస్తే కారాపించింది. ఒక పింజ వేళ్ల మధ్య లాగి పొడవు చూసి తలూపింది. ఇంకో నాలుగు గుప్పిళ్లు ఏరి చీరకొంగులో వేసుకుంది. ష్రీవ్‌పోర్ట్ దాటేసరికి ఒళ్లో దీపం వత్తులు ఇరవై దాకా అయ్యాయి.