రెడ్ లైట్ వెలిగిందా?

ఇంట్లోనూ వీధిలోనూ అందరూ నన్ను బుజ్జి అంటారు. మీరూ అలాగే పిలవండి. మాది పాలకొల్లు. 2020లో కరోనా పుణ్యమా అని పరీక్షలు రాయకుండానే పదో తరగతి గట్టెక్కిన బ్యాచ్. ఏ ఫంక్షన్‌లో కనిపించినా మా మేనమామ ఆ సంగతి ఎత్తకుండా వదలడు. 2022లో ఈఏపీసెట్ మాత్రం నిజంగానే రాశాను మావయ్యా! ఇప్పుడు భీమవరంలో ఈసీఈ ఫైనలియర్. రోజూ బస్సులో పోయి రావడమే. నాన్న రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు. రాత్రిళ్లు ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడం ఆయన డ్యూటీ. అమ్మ లేసు అల్లుతుంది.

పాలకొల్లు అనగానే "సినిమావాళ్ల ఊరు కదా" అంటారు. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య, కోడి రామకృష్ణ ముగ్గురిదీ ఈ ఊరే కాబట్టి కాదనలేం. ఇక్కడ టీ కొట్టు దగ్గర నిలబడితే డైరెక్టర్ కావాల్సి ఆగిపోయినవాడు కనీసం ఒక్కడైనా తగులుతాడు. నేనూ ఇంటర్‌లో డైరెక్టర్ అవుతాననే అన్నాను. ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసి, కైన్‌మాస్టర్‌లో ఎడిట్ చేశాను. హీరోయిన్ మా చెల్లి. ఆరు నిమిషాల సినిమాలో నాలుగు నిమిషాలు అది క్షీరారామం గోపురం ముందు నడుస్తూనే ఉంటుంది. ఎందుకు నడుస్తోందో నాకూ తెలీదు, దానికీ తెలీదు. పై మూలన వాటర్‌మార్క్ ఒకటి. చూసింది 41 మంది, అందులో సగం మా చుట్టాలే.

సెకండియర్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ తప్పాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధి చివర పెళ్లి వీడియోలు తీసే స్టూడియో బాబాయ్‌గారు అమ్మని అడిగారు: "పెళ్లికూతుర్ని చేసేటప్పుడు గదిలోకి మగపిల్లల్ని రానివ్వట్లేదమ్మా, మీ బుజ్జిని పంపుతారా?" ఫంక్షన్‌కి 1,500. అమ్మ ముహూర్తాల టైములు చూసి భయపడింది. రాత్రి 2 గంటలకీ, 3 గంటలకీ ఆడపిల్ల ఏంటి, ఊరుగాని ఊళ్లో ఏంటి అని. నాన్న మాత్రం, "నేను రాత్రంతా రొయ్యల్ని కాస్తున్నాను, అది పెళ్లిని కాస్తుంది, పోనీలే" అన్నారు.

బాబాయ్‌గారి చదువు పదో తరగతితో ఆగిపోయింది. కానీ నాకు తలకెక్కని సబ్జెక్టు ఆయనకి చేతివేళ్ల మీద ఉంది. "షట్టర్ ఫిఫ్టీ మీద పెట్టమ్మా, లేకపోతే లైట్లు పట్టీలు కొడతాయి" అన్నారు మొదటిరోజు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. మన కంటికి తెలియకపోయినా కెమెరాకి తెలుస్తుంది. అందుకే సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 1/50 వంతు. ఇంకోసారి మానిటర్‌లో ఒకావిడ మంగళగిరి చీర మీద సన్నగళ్లు ఇంద్రధనుస్సులా పాకుతున్నాయి. లెన్స్ పాడైందనుకున్నాను. రెండడుగులు ముందుకి జరగ్గానే పోయింది. బస్సులో ఇంటికొస్తూ ఉండగా వెలిగింది: ఎంత సన్నటి గీతలున్నాయో కెమెరా అందుకు రెండింతలకు పైగా సాంపిల్స్ (చుక్కలు) తీసుకోకపోతే లేని గీతలు పుడతాయి. ఇదే కదా నేను తప్పిన చాప్టర్! సప్లీలో ఆ ప్రశ్నే వచ్చింది, చీర గుర్తు పెట్టుకుని రాసేశాను.

ఇక అసలు సంగతి. ఒక పెళ్లిలో నాది రెండో కెమెరా. పెద్ద కెమెరాతో బాబాయ్‌గారు మండపం మొత్తం తీస్తారు, నేను పెళ్లికూతురి ముఖం. అడ్డుతెర ఉండగానే ఫోకస్ పెట్టుకుని, బటన్ నొక్కి నిలబడ్డాను. పంతులుగారు చెయ్యెత్తారు, గట్టిమేళం మోగింది, జీలకర్ర బెల్లం పెట్టారు, తెర దించారు, అక్షింతలు నా లెన్స్ మీద కూడా పడ్డాయి. చాలా బాగా వచ్చిందనుకున్నాను. అంతా అయ్యాక మళ్లీ బటన్ నొక్కి, భోజనాల వైపు వెళ్లాను.

మర్నాడు కార్డు కంప్యూటర్‌లో పెడితే తెర దించకముందే క్లిప్ ఆగిపోయి ఉంది. తర్వాతి క్లిప్ ఏడు నిమిషాలు. నా చెప్పులు, ఎర్ర తివాచీ, ఎవరిదో పట్టుచీర అంచు, కుర్చీ కాళ్లు, చివర్లో సాంబారు బకెట్టు. ముందే రికార్డవుతున్నదాన్ని నేను నొక్కి ఆపేశాను, ఆపుదామని నొక్కినప్పుడు మొదలుపెట్టాను. రికార్డవుతుంటే వెలిగే రెడ్ లైట్ చూసుకోలేదు. కాళ్లు చల్లబడ్డాయి. జీలకర్ర బెల్లం ఇంకో టేక్ ఉండదు కదా.

బాబాయ్‌గారు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పోగొట్టింది నువ్వే, కూర్చుని నువ్వే అతుకు" అని కుర్చీ జరిపారు. ఆ రాత్రంతా మూడు గంటల ఫుటేజీ వెతికాను. కన్యాదానంలో కాళ్లు కడిగేటప్పుడు పెళ్లికూతురి తల్లి చెంబు పట్టుకుని నీళ్లు పోస్తూ, భుజంతో చెంప తుడుచుకుంటున్న షాట్ ఒకటి దొరికింది. చెంబు కనపడకుండా జూమ్ చేశాను. పెద్ద కెమెరాలో తెర దిగేదాకా ఉంచి, అక్కడ ఈ ముఖం పెట్టి, కింద గట్టిమేళం ఆపకుండా సాగనిచ్చాను. రెండు సెకన్లు, అంటే 50 ఫ్రేములు. ఆ తర్వాత మళ్లీ మండపం.

వీడియో ఇవ్వడానికి మేమే వెళ్లాం. వాళ్లింట్లో టీవీలో పెట్టి అందరూ కూర్చున్నారు. ఆ చోటు రాగానే నేను గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాను. పెళ్లికూతురి తల్లిగారు చప్పుడు లేకుండా ఏడ్చారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఆ టైములో నాకు కళ్లనీళ్లొచ్చినట్టు నాకే గుర్తులేదమ్మా" అన్నారు. అది కాళ్లు కడిగినప్పటి షాటండీ అని నోటిదాకా వచ్చింది. బాబాయ్‌గారు నా వైపు చూశారు. చెప్పలేదు.

ఇప్పటికీ అది మోసమా కాదా తేల్చుకోలేకపోయాను. మా చెల్లి మోసమే అంటుంది. కానీ డైరెక్టర్ అవ్వాలన్న కోరిక ఆ రాత్రి కుర్చీలోనే ఎక్కడో జారిపోయింది. ఇప్పుడెవరైనా అడిగితే ఎడిటర్ అంటాను. స్టూడియోలో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పని, ఇంట్లో అలాంటిదే డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ పెద్ద ఫైళ్లు పెడితే మూలుగుతుంది, ప్రాక్సీలు, అంటే తేలికపాటి కాపీలు చేసుకుని లాక్కొస్తున్నాను. కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మానలేదు. నాన్నకి మాటిచ్చాను, డిగ్రీ చేతికొచ్చాకే హైదరాబాద్ మాట.

ఈ నెలాఖరున 2 గంటల 18 నిమిషాలకి ఒక ముహూర్తం ఉంది. పొద్దున్న 9కి ఆప్టిట్యూడ్ టెస్టు. రెండింటికీ వెళ్తాను. ఇప్పుడు తెర దించేముందు పైకే "రెడ్ లైట్ వెలిగిందా, వెలిగింది" అనుకుంటాను. మొన్నొక పెళ్లిలో అది విని పక్కనున్న పంతులుగారు కూడా నా కెమెరాలోకి ఓసారి తొంగిచూసి తలూపారు.