గంటకు 40 నాట్లట!

మొన్న టీవీలో వాయుగుండం వార్త వస్తోంది. "గంటకు 40 నాట్ల వేగంతో ఈదురుగాలులు" అని యాంకర్ అనగానే మా అమ్మమ్మ, "నాట్లు శ్రావణంలోనే అయిపోనాయి కదరా, గాలికీ నాట్లకీ ఏటి సంబంధం?" అంది. నవ్వాను గానీ, అక్కడ తప్పు మాట్లాడింది అమ్మమ్మ కాదు, యాంకరే. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. గంట అందులోనే ఉంది, మళ్లీ ముందు తగిలించక్కర్లేదు. "గాలి వేగం 40 నాట్లు" అంటే చాలు.

అసలు నాట్ అంటే ముడే, మన తాడుకి వేసే ముడి. పాతకాలం ఓడల్లో స్పీడోమీటర్ ఎక్కడిది? పొడవాటి తాడుకి సుమారు 14.4 మీటర్లకొక ముడి వేసి, చివర బరువు కట్టిన చెక్క ముక్క తగిలించి, ఓడ వెనక నుంచి నీళ్లలో పడేసేవాళ్లు. చెక్క నీళ్లలో ఉన్నచోటే ఉంటుంది, ఓడ ముందుకు పోతుంటే తాడు చేతిలోంచి జారుతుంది, పక్కన ఇంకొకడు 28 సెకన్ల ఇసుక గడియారం పట్టుకుని నిలబడేవాడు. ఇసుక అయిపోయేలోపు ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు. ఆ చెక్క పేరు లాగ్. ఆ లెక్క రాసుకున్న పుస్తకమే లాగ్‌బుక్. (మనం ఇప్పుడు ఆఫీసులో లాగిన్ అవుతున్నది కూడా ఆ చెక్క పుణ్యమే.)

కిలోమీటర్లు వచ్చాక కూడా దీన్ని ఎందుకు వదల్లేదంటే, నాటికల్ మైలు భూమి కొలతలోంచి వచ్చింది. అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. విశాఖ నుంచి నేరుగా దక్షిణానికి 10 నాట్లతో ఆరు గంటలు పోతే, మ్యాపులో ఒక డిగ్రీ కిందికి దిగినట్టే. కిలోమీటర్లతో ఈ సుఖం లేదు.

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, నీటిపైన దాని వేగం 16 నాట్లు ఉండేది. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ గంటకు 30 కిలోమీటర్లే, బీచ్ రోడ్డులో ఆటో దాటిపోతుంది. అదే హుద్‌హుద్ తుపాను రోజున, 2014 అక్టోబర్ 12న, గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్లు, అంటే 97 నాట్లు.

ఫిషింగ్ హార్బర్‌లో మా మావయ్య బోటు మీద సరంగు. ఆయన జీపీఎస్‌లో కనిపించేదీ నాట్లే. "ఎంత స్పీడులో ఎల్తన్నాం మావయ్యా?" అని ఓసారి అడిగితే తెర వైపు చూసి, "ఏడు" అన్నాడు. అంతే.